చెయ్యి గుత్తకివ్వొచ్చు, కన్ను ఇవ్వకూడదు

సాక్చి ఇవాళ జంషెడ్‌పూర్‌కి పెద్ద బజారు. గోల్‌చక్కర్ చుట్టూ ఆటోలు తిరుగుతుంటాయి. బట్టల కొట్లు, కూరగాయల గుట్టలు, పొద్దువాలితే తోసుకుంటూ నడవాల్సినంత జనం. 1907 చివర్లో ఇది సాల్ చెట్ల నడుమ చిన్న ఆదివాసీ పల్లె. ఒకవైపు సువర్ణరేఖ, మరోవైపు ఖర్కాయి. కొద్ది మైళ్ల దూరంలో కాళీమాటి అనే చిన్న రైల్వే స్టేషను. ఆ పల్లెలో 1908 ఫిబ్రవరి 27న మొదటి గుంజ పాతారు. 1911 డిసెంబరు 2న మొదటి ఇనుము కరిగి కారింది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మె మిల్లులో సాగింది.

అడవిలో నాలుగేళ్లకు ఉక్కు పుట్టింది. కట్టించినవాళ్లు మాత్రం బొంబాయి, నాగపూర్‌లలో నూలు మిల్లులు నడిపిన టాటాలు. ఉక్కు కొలిమి కట్టిన అనుభవం వాళ్లకు లేదు, దేశంలో ఆ స్థాయిలో కట్టినవాళ్లూ లేరు. కొలిమి గీత గీయడం, యంత్రాలు చేయడం, ఉక్కు కాయడం అన్నీ బయటివాళ్ల చేతే చేయించాలి. అంటే టాటాలకు మిగిలిన పని ఒక్కటే: ఎవరి దగ్గర ఏది కొనాలో, ఎవరికి ఏ పని గుత్తకివ్వాలో, ఇచ్చాక ఎలా కనిపెట్టుకోవాలో తెలుసుకోవడం.

ఇల్లు కట్టుకున్న ఎవరికైనా ఈ చిక్కు తెలుసు. మేస్త్రీకి గుత్తకిచ్చి ఊరెళ్లి వస్తే గోడ లేచి ఉంటుంది, సిమెంటు పాళ్లు మాత్రం దేవుడికి తెలియాలి. ప్రాజెక్టు పనుల్లో కొనుగోళ్లు, బయటి కాంట్రాక్టర్ల నిర్వహణ అని ఈరోజు ఒక శాస్త్రంగా చెప్పుకుంటున్నది ఆ చిక్కుకు జవాబే. అమెరికాలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది 1969లో. అంతకు అరవై ఏళ్ల ముందే సాక్చిలో ఆ పాఠాలు ఒక్కొక్కటిగా, కొన్ని గెలుపుతో, కొన్ని చేతులు కాల్చుకుని నేర్చుకున్నారు.

మొదట కొన్నది ఒక ‘వద్దు’

1902లో జంషెడ్‌జీ టాటా అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్‌లో జూలియన్ కెన్నెడీని కలిశాడు. కొలిమిల నిర్మాణంలో ఆయనది పెద్ద పేరు. యంత్రాల ధరలు చెప్పి బేరం మొదలుపెట్టగల స్థితిలో ఉండి కూడా కెన్నెడీ ఆ పని చేయలేదు. ముందు ఖనిజం, బొగ్గు, నీరు, రవాణా శాస్త్రీయంగా పరీక్ష చేయించుకోండి, దానికి చాలా ఖర్చవుతుంది, అది చేయగలవాడు న్యూయార్క్‌లో ఉన్నాడు అని చార్లెస్ పేజ్ పెరిన్ పేరు చెప్పాడు. పెరిన్ ఒప్పుకుని, ముందుగా తన సహచరుడు సి.ఎం. వెల్డ్‌ను ఇండియాకు పంపాడు.

వెల్డ్ చాందా జిల్లాలో లోహారా కొండ దగ్గర మొదలుపెట్టాడు. అక్కడ ఇనుప ఖనిజం మంచిదే. కానీ కొలిమికి కావలసిన కోకు బొగ్గు దగ్గర్లో లేదు, ఖనిజం కూడా అంత పెద్ద కర్మాగారానికి చాలినంత లేదు. ఇక్కడ కుదరదని వెల్డ్ తేల్చి చెప్పాడు. డబ్బిచ్చి పిలిపించుకున్న మనిషి ‘వద్దు’ అంటే పెట్టినవాడికి ప్రాణం ఉసూరుమంటుంది. అయినా ఆ ఒక్క మాట టాటాలను ఒక తప్పు కర్మాగారం నుంచి కాపాడింది. కట్టినా కట్టకపోయినా తన ఫీజు తనకు అందే సలహాదారు గనుకే వెల్డ్ ఆ మాట అనగలిగాడు. యంత్రాలు అమ్ముకునేవాడికే సర్వే కూడా అప్పగించి ఉంటే లోహారా కొండ మీద ఎంత ఆశ చూపించేవాడో!

ఆ కబురు ప్రభుత్వానికి చెప్పడానికి నాగపూర్ వెళ్లిన జంషెడ్‌జీ కొడుకు దొరాబ్‌జీ టాటా, అధికారి కోసం ఎదురుచూస్తూ ఎదురుగా ఉన్న మ్యూజియంలోకి నడిచాడు. అక్కడి భూగర్భ పటంలో దుర్గ్ జిల్లా దగ్గర ఇనుప ఖనిజం గుర్తు కనిపించింది. అదే ధల్లీ-రాజహరా. ఆ ప్రాంతాన్ని అంతకుముందు సర్వే చేసిన ప్రమథనాథ్ బోస్, 1904 ఫిబ్రవరి 24న జంషెడ్‌జీకి ఉత్తరం రాసి, మయూర్‌భంజ్ సంస్థానంలో అంతకన్నా అనువైన ఖనిజం ఉందన్నాడు. ఆ మే నెలలో జంషెడ్‌జీ కన్నుమూశాడు. ఆ సంస్థానంలోని గోరుమహిసాని కొండ దగ్గర వెతుకులాట సాగింది. ఖనిజానికీ, ఝరియా బొగ్గుకూ, నదికీ, రైలుకూ నడుమ కొలిమి పెట్టాల్సిన చోటు కోసం తిరుగుతూ వెల్డ్, ఆయన వెంట ఉన్న శ్రీనివాసరావు సాక్చి చేరారు.

అమ్మకం ఒప్పందం ముందు, ఇటుక తరువాత

కొనడం ఒక ఎత్తయితే కొనేవాడిని వెతుక్కోవడం ఇంకో ఎత్తు. ఆ రోజుల్లో మన రైళ్లకు పట్టాలు లండన్‌లో కొనేవారు. ఇండియా ఆఫీసు స్టోర్స్ శాఖ అక్కడే టెండర్లు పిలిచి, అక్కడి మిల్లుల్లోనే పరీక్షించి ఓడలెక్కించేది. ఇండియాలో తయారైన పట్టా ఆ పరీక్షకు నిలుస్తుందని నమ్మినవాళ్లు తక్కువ. రైల్వే పెద్దల్లో కొందరు బాహాటంగానే సందేహించారు.

అయినా కర్మాగారానికి పునాది పడకముందే ప్రభుత్వంతో ఒక మాట కుదిరింది. పదేళ్లపాటు ఏటా 20,000 టన్నుల పట్టాలు ప్రభుత్వం కొంటుంది. ధర దిగుమతి ధరకు మించకూడదు. నాణ్యత నిర్దేశించిన ప్రమాణానికి తూగాలి. ఖనిజం, బొగ్గు, తయారైన సరుకు రవాణాకు బెంగాల్ నాగపూర్ రైల్వే రాయితీ ధరలిచ్చింది. ఈ రెండు కాగితాలు చేతిలో ఉన్నాకే పెట్టుబడి అడిగారు. లండన్ మార్కెట్ ముఖం తిప్పుకుంది. 1907 ఆగస్టులో బొంబాయిలో వాటాలు అమ్మకానికి పెడితే స్వదేశీ ఉద్యమపు ఊపులో దాదాపు 8,000 మంది మూడు వారాల్లో 16 లక్షల 30 వేల పౌన్లు పోగుచేశారు. తరువాత నడవడానికి కావలసిన 4 లక్షల పౌన్ల డిబెంచర్లు గ్వాలియర్ మహారాజా సింధియా ఒక్కడే తీసుకున్నాడు.

సంతలో కూరలు అమ్ముకునే మనిషికి కూడా రోజూ కొనే ఇల్లు నాలుగు ఉంటే ధైర్యం. సాక్చి వ్యవహారంలో ఆ ధైర్యాన్ని కాగితం మీద రాయించుకున్నారు.

గీసేవాడు, కట్టేవాడు, చూసేవాడు

కర్మాగారం నమూనా, నిర్మాణం కెన్నెడీ-సాలిన్ సంస్థ పని. పిట్స్‌బర్గ్ కెన్నెడీది నమూనా, బ్రస్సెల్స్ నుంచి పనిచేసే ఆక్సెల్ సాలిన్‌ది నిర్మాణ బాధ్యత. పెరిన్ కంపెనీ తరఫు సలహా ఇంజనీరు. యంత్రాలు వేర్వేరు దేశాల తయారీదారులవి. కట్టేవాడి లెక్కను కట్టేవాడే సరిచూసుకునే అవకాశం లేకుండా, గీసిన చేతికీ యజమాని కన్నుకూ మధ్య దూరం ఉంచారు. నేటి పెద్ద ప్రాజెక్టుల్లో సలహాదారు ఒకరు, కాంట్రాక్టరు ఒకరు, సరఫరాదారులు వేరొకరు అని విడదీసే పద్ధతి మన గడ్డ మీద ఇంత పెద్ద ఎత్తున ఇక్కడ కనిపిస్తుంది.

ఈ పద్ధతికి ఖరీదూ ఉంది. ఒక దేశపు బాయిలరు ఇంకో దేశపు గొట్టానికి అతకాలి. ఓడలో ఒక పెట్టె వెనకబడితే సాక్చిలో పది మంది ఫిట్టర్లు చేతులు ముడుచుకు కూర్చోవాలి. కలకత్తా రేవులో దిగిన ప్రతి పెట్టె కాళీమాటి దాకా రైల్లో, అక్కడి నుంచి కొత్తగా వేసిన దారిలో వెళ్లాలి. ఎన్ని చేతులు కలిస్తే అన్ని అతుకులు. ఆ అతుకుల దగ్గర నిలబడాల్సింది కొనుగోలుదారు మనిషే. అందుకే పని గుత్తకిచ్చాక యజమానికి తీరిక దొరుకుతుందనుకోవడం పొరపాటు. అప్పటి నుంచే అసలు పని మొదలవుతుంది.

ఇక్కడ ఆగి చెప్పుకోవాల్సిన కొనుగోలు ఇంకొకటుంది. కర్మాగారానికీ ఊరికీ తొలుత తీసుకున్నది 3,564 ఎకరాలు. అది ఖాళీ నేల కాదు. సంతాలీలు, హో, భూమిజ్ జనం పంటలూ పశువులూ పెట్టుకుని బతికిన నేల. కెన్నెడీ ఫీజు ఎంతో, రైల్వే రాయితీ ఎంతో బేరమాడినవాళ్లు ఉన్నారు. ఆ పల్లెల తరఫున బేరమాడినవాళ్లు లేరు. వాళ్లలో ఎందరో ఆ నేల మీదే మట్టి మోసే కూలీలయ్యారు. సాక్చి కథలో ఈ పేజీని దాటవేస్తే కథ సగమే అవుతుంది.

కొలిమి పక్కనే కొనేవాడి కన్ను

ఉక్కు తయారయ్యాక ప్రభుత్వం చేసిన పని ఈ కథకంతా ఆయువుపట్టు. షెఫీల్డ్ నుంచి డాక్టర్ ఆండ్రూ మెక్‌విలియం అనే లోహశాస్త్రవేత్తను రప్పించి, మెటలర్జికల్ ఇన్‌స్పెక్టరుగా సాక్చిలోనే కాపురం పెట్టించింది. ఆయన జీతం ప్రభుత్వానిది, పని కర్మాగారం లోపల. పట్టా ముక్క కోసి సాగదీసి చూడాలి, బరువు పడేసి చూడాలి, రసాయన పరీక్ష చేయించాలి. ప్రమాణానికి తూగినదే ముద్ర వేయించుకుని బయటికి పోవాలి.

సరుకు రేవుకు చేరాక లోపం బయటపడితే ఇద్దరూ నష్టపోతారు. కొలిమి పక్కనే బయటపడితే ఆ పూటే దిద్దుకోవచ్చు. అందుకే ఇన్‌స్పెక్టరు ఉండటం అమ్మేవాడికి అవమానం కాదు, మేలు. ఇండియా ఉక్కు మీద ఉన్న అనుమానాన్ని వాదనతో తీర్చలేకపోయారు గానీ ముద్ర పడిన పట్టా తీర్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా వంటి చోట్లకు 1,500 మైళ్ల పట్టాలు ఇక్కడి నుంచే వెళ్లాయి. అందుకు కృతజ్ఞతగా 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అనీ, కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అనీ పేరు మార్చాడు. సాక్చి అనే పేరు పేటకు, బజారుకు మిగిలింది.

ఆ యుద్ధమే ప్రభుత్వానికీ కళ్లు తెరిపించింది. ఓడలు రాకపోతే లండన్ కొనుగోళ్లు ఆగిపోతాయి. 1917లో ఇండియన్ మ్యూనిషన్స్ బోర్డు ఏర్పడింది. 1922లో ఇక్కడి కొనుగోళ్లు ఇక్కడే చేయడానికి ఇండియన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత అది సరఫరాలు, డిస్పోజల్స్ డైరెక్టరేట్ జనరల్‌గా సాగి 2017లో మూతపడింది. ఇప్పుడు ప్రభుత్వ కార్యాలయం కుర్చీ కొనాలన్నా కంప్యూటర్ కొనాలన్నా 2016లో మొదలైన గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్ తెరవాలి.

చేతులు కాలిన విస్తరణ

గెలుపు మీద నిలబడి యుద్ధకాలంలోనే పెద్ద విస్తరణ తలపెట్టారు. కొత్త కొలిమిలు, డూప్లెక్స్ ఉక్కు శాల, కొత్త మిల్లులు. నమూనా మళ్లీ పెరిన్ సంస్థదే. యంత్రాల ఆర్డర్లు చాలామటుకు అమెరికాకు వెళ్లాయి. 1917లో అమెరికా యుద్ధంలో దిగింది. అక్కడి వర్క్‌షాపులకు సొంత సైన్యం పని ముందయింది. ఓడలు దొరకలేదు. యుద్ధం ముగిసేసరికి కూలీ, యంత్రం, రవాణా అన్నిటి ధరలూ ఎక్కి కూర్చున్నాయి.

దానికి తోడు రూపాయి ఊగిసలాట. 1920 మొదట్లో రూపాయి విలువ రెండు షిల్లింగులు దాటింది. మరుసటి ఏడాదికి 1 షిల్లింగు 4 పెన్నీల కిందికి జారింది. విదేశీ సొమ్ములో చెల్లించాల్సిన బిల్లు మనవాళ్ల పుస్తకంలో తనంతట తానే పెరిగిపోయింది. ఆర్డరు ఇచ్చిన రోజు ధర వేరు, సరుకు అందిన రోజు ధర వేరు. ఆ మధ్య నష్టం ఎవరు మోయాలన్నది ముందే తేల్చుకోని ప్రతి ఒప్పందంలోనూ మోసేది కొనేవాడే.

1924కి చవక విదేశీ ఉక్కు వచ్చిపడింది. జీతాలకు డబ్బు లేని రోజు వచ్చింది. దొరాబ్‌జీ తన సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి నగలతో సహా ఇంపీరియల్ బ్యాంకులో కుదువపెట్టి కోటి రూపాయలు తెచ్చాడు. ఆ నగల్లో 245 క్యారెట్ల జూబిలీ వజ్రం ఉంది. ఆ ఏడాదే ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం రావడంతో కంపెనీ తేరుకుంది. వజ్రం కుదువపెట్టిన త్యాగం గురించి ఎప్పుడూ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. దానితోపాటు ఇంకో సంగతీ గుర్తుండాలి: తేదీకి రాని సరుకు, మారిన ధర, మారిన మారకపు రేటు కలిస్తే ఎంత బలమైన సంస్థయినా అంచుదాకా వస్తుంది. ధర మార్పు, ఆలస్యం, మారకపు రేటు అనే మూడు క్లాజులను ఇవాళ ఒప్పందంలో ఎవరూ తేలిగ్గా తీసుకోకపోవడానికి ఇలాంటి చేదు అనుభవాలే కారణం.

మనుషుల విషయంలోనూ అదే పాఠం ఎదురైంది. మొదట్లో ఉక్కు కొలిమిల దగ్గర జర్మన్లు, మిల్లుల్లో ఇంగ్లీషువాళ్లు ఒప్పంద జీతాల మీద పనిచేశారు. యుద్ధం రాగానే జర్మన్లు వెళ్లక తప్పలేదు. నైపుణ్యం ఒకే దేశం నుంచి అద్దెకు తెచ్చుకుంటే ఆ దేశంతో తగవు వచ్చిన రోజు కొలిమి చల్లారుతుంది. 1921లో జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ తెరిచి మన కుర్రాళ్లకు ఆ విద్య నేర్పడం మొదలుపెట్టారు. బయటినుంచి కొన్నదాన్ని మెల్లగా సొంతం చేసుకోవడం గుత్త నిర్వహణలో ఆఖరి మెట్టు.

ఒకే చెయ్యా, పది చేతులా?

1950లలో కర్మాగారాన్ని 20 లక్షల టన్నులకు పెంచే పని వచ్చినప్పుడు టాటాలు దారి మార్చారు. నమూనా, యంత్రాల కొనుగోలు, నిర్మాణం అంతా అమెరికాకు చెందిన కైజర్ ఇంజనీర్స్‌కు అప్పగించారు. 1956లో ప్రపంచ బ్యాంకు 7.5 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. 1958 చివరికి పని పూర్తయింది. అతుకుల బాధ్యత ఒకే చేతికి పోయింది.

అదే దశకంలో దేశం మూడు ప్రభుత్వ ఉక్కు కర్మాగారాలు మూడు రకాలుగా కట్టించుకుంది. భిలాయి ఒక్క సోవియట్ ప్రభుత్వంతో. దుర్గాపూర్ పదమూడు బ్రిటిష్ సంస్థల కూటమితో. రూర్కెలా ముప్పైకి పైగా జర్మన్ సంస్థలతో విడివిడిగా. రూర్కెలాలో యంత్రాలు మేటివే గానీ అంతమంది మధ్య సమన్వయం కోసం పడిన తిప్పలు అప్పట్లో పెద్ద చర్చ. విశేషమేమంటే భిలాయికి ఖనిజం వచ్చేది నాగపూర్ మ్యూజియంలో దొరాబ్‌జీ కంటబడిన ఆ ధల్లీ-రాజహరా కొండల నుంచే.

ఇంతలో మనవాళ్లే సలహా ఇంజనీర్లయ్యారు. ఒకప్పుడు టాటా స్టీల్‌లో పనిచేసిన మిను దస్తూర్ 1955లో కలకత్తాలో సొంత సంస్థ పెట్టాడు. విశాఖ ఉక్కుకు ప్రధాన సలహాదారు ఆ దస్తూర్ కంపెనీయే. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. నిధులు నిలిచి పనులు సాగిన కొద్దీ అంచనాలు ఎలా పెరిగాయో విశాఖవాసులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సాక్చి 1920లలో నేర్చుకున్న పాఠాన్ని మనం మన ఊళ్లో మళ్లీ చదువుకున్నాం.

ఠేకా మనుషులు

యంత్రం గుత్తకి వస్తే దానికి పరీక్ష ఉంది, ముద్ర ఉంది. మనిషి గుత్తకి వస్తే? జంషెడ్‌పూర్‌లో కాంట్రాక్టరును ఠేకేదార్ అంటారు, అతని కింద పనిచేసేవాళ్లను ఠేకా మజ్దూర్లు అంటారు. మట్టి, ఇటుక మోసే ఆడవాళ్లు రెజాలు. కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పని పెట్టింది. 1920లో జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్, ప్రమాద పరిహారం ఇచ్చింది. దేశంలో చట్టం అడగకముందే చేసిన మంచి అది. కానీ ఆ మంచి మస్టరు రోల్‌లో పేరున్నవాళ్లకు. ఠేకేదార్ తెచ్చిన మనిషి అదే గేటులోంచి వచ్చి, అదే వేడిలో పనిచేసి, ఆ గొడుగు బయట ఉండిపోయేవాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చి, బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకుని ఈ ఊరిని తమది చేసుకున్న తెలుగు కుటుంబాలకు ‘కంపెనీ ఉద్యోగం’, ‘ఠేకా పని’ అన్న రెండు మాటల మధ్య దూరం విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

ఈ లోటును దేశవ్యాప్తంగా పట్టించుకున్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలంది. తాగునీరు, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స అతను ఏర్పాటు చేయకపోతే పని ఇచ్చిన యజమానే చేసి ఖర్చు రాబట్టుకోవాలంది. కూలి ఎగ్గొడితే యజమానే చెల్లించి తరువాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలంది. 2020లో పార్లమెంటు ఈ విషయాలను కొత్త కార్మిక కోడ్‌లోకి చేర్చింది; 2025లో అది అమల్లోకి వచ్చాక పాత చట్టం రద్దయింది.

ఆ 1970 చట్టంలోని 21వ సెక్షను చూసినప్పుడల్లా నాకు మెక్‌విలియం గుర్తొస్తాడు. కాంట్రాక్టరు కూలి పంచే చోట యజమాని ప్రతినిధి స్వయంగా ఉండాలంది. ఈ సొమ్ము ఈ తేదీన ఈ చోట నా ఎదుటే ఈ కార్మికులకు అందిందని రిజిస్టరు చివర రాసి సంతకం పెట్టాలంది. పట్టాకు ప్రమాణం ఉన్నట్టే కూలికీ ఒక ప్రమాణం ఉందని, దాన్ని సరిచూడటానికి ఒక కన్ను అక్కడే నిలబడాలని ఆ సెక్షను చెప్పింది. పట్టాకు ఆ కన్ను 1912 నాటికే దొరికింది. మట్టి మోసిన రెజాకు అది చట్టంలో దొరకడానికి ఇంకో 58 ఏళ్లు పట్టింది.

చట్టం మారినా, ఏ ప్రాజెక్టులోనైనా ఆ రిజిస్టరు చివరి గడిని ఖాళీగా వదలకండి. గదిలో కూర్చుని నెలాఖరున ఒక్కసారే సంతకాలు గీకకండి. కూలి పంచుతున్న బల్ల దగ్గరికి నడిచి వెళ్లి, నోట్లు చేతిలో పడ్డాయో లేదో చూసి, అప్పుడు పెట్టండి సంతకం.